బానెట్ మీద బొట్టు

కొవ్వూరులో మా పక్కింటి బట్టల కొట్టాయన భుజాన ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ ఉంటుంది. మిలటరీ వేలంలో కొన్న పాత జీపును పెరట్లో పెట్టుకుని, సాయంత్రాలు ఒక్కో భాగమే విప్పి బాగుచేసుకునేవారు. ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే చాలు, వెంటనే ఆ గుడ్డతో తుడిచేసేవారు.

ఆకుపచ్చ రంగు వేయడం పూర్తయిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన భార్య పసుపు కుంకుమలు తెచ్చి బానెట్ మీద బొట్టు పెట్టారు.

"మిలటరీ బండికి బొట్టేంటే?" అంటూ ఆయన తుడిచేశారు.

ఆవిడ నవ్వేసి, "పోనీ, బ్రిడ్జి మీదుగా రాజమండ్రి అయినా తిప్పుతారా?" అన్నారు.

"టాపు కుట్టించనీ, వెళ్దాం."

టాపు కుట్టించి బిగించేసరికి ఆవిడ పోయారు. జీపు పెరడు దాటలేదు.

మొన్న వెళ్లేసరికి ఆయన బానెట్ మీదికి వంగి, తల అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతున్నారు.

"మా ఆవిడ బొట్టు ఎక్కడ పెట్టిందో మీకేమన్నా గుర్తుందాండి? కాస్త మరకైనా మిగిలిందేమోనని చూస్తున్నాను."

నేనూ వంగి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. ఆయన తుడిస్తే ఇంకేం మిగులుతుంది మరి.