మతిమరుపు జబ్బుకు మందు వెతికిన బాలమణి మేడం

బాలమణి మేడం ఇక లేరన్న దుర్వార్త మొన్న ఉదయం నేను ప్రయోగశాలలో ఉండగా తెలిసింది. గుండెపోటు. ముందురోజు సాయంత్రమే నా వ్యాసం దిద్ది పంపిన మనిషి తెల్లవారేసరికి దివంగతురాలయ్యారంటే నమ్మలేకపోయాను.

మక్తల్ దగ్గర కూలి చేసుకునే ఇంట పుట్టి, మహబూబ్‌నగర్‌లో జీవరసాయన శాస్త్రం బోధించిన విదుషీమణి ఆమె. తల్లి ఎల్లమ్మకు అల్జీమర్స్ వచ్చాక ఆ వ్యాధి మీదే దృష్టి నిలిపారు. మెదడులో ఒక ఎంజైము ఒకానొక ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు పేరుకుపోయి కణాలను చంపుతాయని శాస్త్రజ్ఞుల ఊహ. ఆ ఎంజైమును నిలువరించే మందు కోసమే మేడం తపించారు.

ఆమె దగ్గర పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు ఒకనాడు వారింటికి వెళ్లాను. ముద్ద కలిపి పెడుతున్న కూతురినే ఎల్లమ్మ, "నా బిడ్డ బడి నుంచి వచ్చిందా అమ్మా?" అని అడిగింది.

"వచ్చిందమ్మా. నువ్వు జర బువ్వ తిను" అన్నారు మేడం.

మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే మెత్తని జవాబు. నా కళ్లు చెమర్చడం చూసి, "ఫికర్ చెయ్యకు. నన్ను యాది చేస్తున్నది గదా, గది చాలు" అన్నారు.

మేము తయారుచేసిన పదార్థం గాజునాళికలో ఆ ఎంజైమును చక్కగా ఆపింది. ఎలుకలకిస్తే మాత్రం, మెదడులో ముక్కలు తగ్గినా, కొన్ని ఎలుకలు నేర్చిన దారినే మరిచాయి. ఆ ఎంజైముకు మెదడులో వేరే పనులూ ఉన్నాయి. పూర్తిగా ఆపితే అవీ ఆగిపోతాయి. నా డాక్టరేటు ఆ ఫలితం మీదే ఆధారపడి ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, "ఆ ఎలుకల సంగతి వదిలేసి వ్యాసం రాద్దామా మేడం?" అని అడిగాను.

ఆమె కోప్పడలేదు. "మా అమ్మకు గీ మందు ఇస్తవా నువ్వు?"

తల అడ్డంగా ఊపాను.

"ఇయ్యవు గదా. మరి ఇంకొకల్ల అమ్మకు ఎట్లిస్తం? ఉన్నది ఉన్నట్టు రాయి."

రాశాను. డాక్టరేటు రెండేళ్లు ఆలస్యమైంది. ఆమె మాత్రం నాతో ఆ మాటన్న మర్నాడే, ఎంజైమును కొంతమేరకే తగ్గించే మరో పదార్థం కోసం మొదటి నుంచి పని ఆరంభించారు. అది అసంపూర్ణంగా మిగిలిపోయింది.

అంత్యక్రియలనాడు ఎల్లమ్మను పార్థివదేహం పక్కన కూర్చోబెట్టారు. ఆ చల్లని నుదురు నిమురుతూ, "అయ్యో, గింత చిన్న వయసుల పోయింది. దీని తల్లి ఎట్ల ఓర్సుకుంటదో" అందామె.

గురువుగారి పాదాలకు చివరిసారి మొక్కాను. నిజం చెప్పడానికి మనసు జంకిన వేళ వెళ్లి అడగడానికి ఇక మాకెవరూ లేరు.