బొటనవేలి మొదట్లో తెల్లమచ్చ

కోవిడ్ గొడవ సద్దుమణిగిన ఏడాది నేను న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఒక కీళ్ళవ్యాధుల క్లినిక్‌లో సీనియర్ డాక్టరుగా ఉన్నాను. తెలుగు పేషెంటు ఎవరొచ్చినా ఫ్రంట్ డెస్క్ వాళ్ళు నా గదికే పంపేవారు. సునంద అలాగే వచ్చింది.

ఆమె ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో అనలిస్టు. రోజంతా పిపెట్‌తో ద్రవాలు కొలిచి ట్యూబుల్లో పొయ్యాలి. ప్రతిసారీ దాని మీటను బొటనవేలితోనే నొక్కాలి. ఎక్స్‌రేలో కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కనుండే కీలు బాగా అరిగిపోయి కనిపించింది. పట్టీ, పైపూత మందు అప్పటికే వాడి చూసింది. అందుకని కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాను. అది నొప్పిని కొన్ని వారాలు అణచిపెడుతుంది, కొందరికి అదీ ఉండదు. అరుగుదలను బాగుచెయ్యదు. మళ్ళీ వెయ్యాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి. ఇదంతా తెలుగులోనూ చెప్పాను, ఇంగ్లీషులోనూ చెప్పాను. బుద్ధిగా తలూపింది.

పని తగ్గించమని ఆఫీసుకు ఉత్తరం రాస్తానంటే మాత్రం ససేమిరా అంది.

"వద్దు మేడమ్. హెచ్‌వన్ వీసా మీద ఉన్నాను, గ్రీన్‌కార్డ్ ఇంకా పెండింగ్. చెయ్యి బాలేదని తెలిస్తే లేఆఫ్‌లో ఫస్ట్ నన్నే తీసేస్తారు. పాప హైస్కూల్ మధ్యలో ఉంది."

ఆ భయం ఉత్తదేమీ కాదు. ఉత్తరం మాట అప్పటికి వదిలేశాను.

మూడు నెలల తరువాత ఆ చెయ్యి చూడగానే నాకు ఒళ్ళు మండింది. సూది వేసినచోట చర్మం తెల్లగా పాలిపోయి, పల్చబడి, కింద కొవ్వు కరిగి గుంట పడింది. ఒక్క ఇంజెక్షన్‌తో ఇంత కావడం అరుదు. గట్టిగా అడిగితే బయటపెట్టింది. నొప్పి తగ్గింది కదా అని ఎక్స్‌ట్రా షిఫ్టులు ఒప్పుకుందట. నొప్పి తిరిగొచ్చేసరికి వాట్సాప్ గ్రూపులో వాకబు చేసి, నా సంగతి దాచి, వేరే ఊళ్ళో ఇంకో డాక్టరు దగ్గర మరొకటి వేయించుకుందట. పైగా, "ఇంకొక్కటి వేసేయండి మేడమ్, ల్యాబ్‌లో ఆడిట్ అయ్యేదాకా మేనేజ్ చేస్తాను" అంది.

వెయ్యనన్నాను. ఏడ్చింది. ఇదేమన్నా గోడకు పెయింటా, కోటు మీద కోటు వెయ్యడానికి అని నేనూ గొంతు పెంచాను. చివరికి, జబ్బు పేరెత్తకుండా, బొటనవేలితో నొక్కే పని తగ్గించాలని మాత్రమే ఉత్తరం రాసి చేతిలో పెట్టాను.

దాన్ని బ్యాగులో పెట్టుకుని తిరిగింది. ఒకరోజు వేలు పట్టు తప్పి శాంపిళ్ళు ఒలికిపోయాయి. సూపర్‌వైజర్ ఏమైందని అడిగేసరికి ఇవ్వక తప్పలేదు. ఆవిడ చదివి, లేచి వెళ్ళి బీరువాలోంచి ఎలక్ట్రానిక్ పిపెట్ తెచ్చి ఇచ్చిందట. చూపుడువేలు తాకిస్తే చాలు, అదే పనిచేస్తుంది. ఎవరూ అడగలేదని అలాగే ఉండిపోయిందట.

"నా బెంచ్ వెనకే ఉంది మేడమ్, ఇన్నాళ్ళూ!" అని సునంద ఫోన్ చేసింది. ఎవరిని తిట్టాలో నాకు తెలియలేదు. ఉద్యోగం నిలిచింది. చర్మం మళ్ళీ మునుపటి రంగుకు రాలేదు.

ఇంజెక్షన్ నొప్పిని ఆపుతుంది, పనిని ఆపదు. రిటైరయ్యేదాకా, సూది తీసే ముందు ప్రతి పేషెంటునూ రేపు ఈ చేత్తో ఏం చేస్తారని అడిగాను. ఆ చేతికి పని తగ్గిస్తామన్న జవాబు వచ్చేదాకా సూది తియ్యలేదు.