నకలు: ఫైలుకు

ఆ రోజుల్లో అనగానే మీరు గూటిపడవల కాలందాకా వెళ్ళిపోకండి, నేను చెప్పేది ఆరేళ్ళ కిందటి సంగతే. అప్పటికి నా దగ్గర డిగ్రీ కాగితం ఒకటీ, కంప్యూటరంతా వచ్చేసిందన్న భ్రమ ఒకటీ ఉండేవి. ఆ రెండూ పట్టుకుని రోజూ ముక్తేశ్వరంలో బస్సెక్కి, అమలాపురంలో ఓ కొబ్బరి రైతుల సంఘం ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. ఆర్నెల్లు చూస్తారు, నచ్చితే ఉంచుతారు. (మా అమ్మ మాత్రం మొదటి రోజే పర్మనెంటు చేసేసి, వీధంతా చెప్పేసింది. అంచేత ఆ ఉద్యోగం పోతే నేను ఊరు కూడా మారాల్సిందే.)

ఆ ఆఫీసు ఉత్తరాల్లో తేదీ ఒకదానికి కుడివైపు, ఒకదానికి ఎడమవైపు ఉండేది, ఒకదానికి అసలుండేదే కాదు. నేను వారం రోజులు కూర్చుని వర్డ్‌లో టెంప్లేట్ చేశాను. పైన సంఘం పేరు, తర్వాత విషయం, సూచిక, అన్నిటికన్నా అడుగున ‘నకలు: ఫైలుకు’. కొత్త పేజీ ఎవరు తెరిచినా అదే వస్తుంది. ఎవరూ చెరపకుండా పైనా కిందా పాస్‌వర్డ్ పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు, పెద్ద గుమస్తా గారు తప్ప. ఆయన ముప్ఫయ్యేళ్ళుగా తన కలాన్నీ తన ఫైలునీ తప్ప ఇంకో ప్రాణిని నమ్మలేదు. కళ్ళజోడు మీంచి నన్నూ కంప్యూటర్నీ మార్చి మార్చి చూసేరు.

“తాళం మీ దగ్గరే ఉంటుందాండీ?”

“ఆయ్.”

“అయితే మేం రాసే ఉత్తరం మాదాండీ, మీదాండీ?”

“మీదేనండీ బాబూ. అందులో ఏం రాసుంటే అది చేసుకుపోండి, చాలు” అన్నాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

నెల తిరక్కుండా మా ప్రెసిడెంటు గారికి పేరులేని ఉత్తరం ఒకటి వచ్చింది. ‘మేనేజరు గారు ప్రతిరోజూ రెండు గంటల నుండి నాలుగు గంటల వరకు ఫైళ్ళ గదిలో నిద్రించుచున్నారు. కావున తగు చర్య తీసుకొనవలసినదిగా ప్రార్థన.’ (తిట్టేటప్పుడు కూడా ప్రార్థించడం మా సీమ మర్యాద.) కాగితం పైభాగం నాలుగు వేళ్ళ మేర కత్తెరతో కత్తిరించి ఉంది. మిగతాదంతా నా టెంప్లేటే, ఆ మార్జిన్లూ, ఆ అక్షరాలూ, అడుగున ఆ ‘నకలు: ఫైలుకు’.

“ఇది నీ పనేనటయ్యా?” అన్నారు మేనేజరు గారు, నిద్రలేని కళ్ళతో.

“ఎవరు రాసినా అలాగే వస్తుందండీ. అందుకేగా చేసింది!”

“అంటే అందరూ కలిసి రాసేరంటావా?”

శుక్రవారం లోగా రాసినవాడు తేలకపోతే నన్ను పంపించెయ్యమన్నారు ప్రెసిడెంటు గారు. ఇంక చూడాలి ఆఫీసు! నేను ప్రింటర్ దగ్గరికెళ్తే నలుగురు తలెత్తేవారు. కాగితాలు కత్తిరించే కత్తెర మేనేజరు గారి సొరుగులోకి వెళ్ళిపోయింది. నేనూ తక్కువ తినలేదు, టీ ఇచ్చే ఆయన వేళ్ళు కూడా టైపు చేసే వేళ్ళలా ఉన్నాయేమోనని చూశాను. అలా ఓ రోజు ఆ చివరి లైను మీద నా కళ్ళు ఆగిపోయాయి. ఈ ఆఫీసులో కాగితం మీద ఏముంటే అది చేసే మనిషి ఒక్కరే ఉన్నారు. వెంటనే ఉత్తరాల ఫైలు అడిగాను. “ఫైళ్ళ గదిలో నీకేం పని?” అని మేనేజరు గారు తాళంచెవి జేబులో వేసుకున్నారు.

శుక్రవారం రెండున్నరకి ప్రెసిడెంటు గారొచ్చారు. “ఒక్క ఫైలు చూడండి, తర్వాత నన్ను పంపించెయ్యండి” అన్నాను. గది తలుపు తోస్తే, లోపల మేనేజరు గారు చాప మీద గాఢనిద్రలో ఉన్నారు. తలకింద దిండుగా ఉన్నది నాక్కావలసిన ఫైలే. ప్రెసిడెంటు గారే వంగి, పసిపిల్లాడి తల ఎత్తినట్టు ఎత్తి, దాన్ని లాగేరు. అందులో ఆ ఉత్తరం రెండో ప్రతి ఉంది. కత్తెర పడని సంఘం పేరుతో, వరస నంబరుతో, మూల పెద్ద గుమస్తా గారి పొట్టి సంతకంతో సహా.

“ఇది మీరు రాసేరా?” అని పెద్ద గుమస్తా గారిని పిలిచి అడిగారు ప్రెసిడెంటు గారు.

“ఆయ్” అన్నారాయన.

“పేరు లేకుండా రాసి, మళ్ళీ నకలు ఎందుకు పెట్టేరండీ?”

“కింద రాసుందండీ. పైగా నకలు లేకుండా బయటికెళ్తే అది దొంగ ఉత్తరం అయిపోదాండీ?”

“మరి ఈ అబ్బాయిని అంటుంటే చెప్పొద్దూ?”

“ఎవరూ ఫైలు అడగలేదండీ.” ఆ మాట ఆయన నావైపు చూడకుండా అన్నారు.

అప్పుడు మేనేజరు గారు కళ్ళు నులుముకుంటూ లేచి, “దొరికేడా అండీ?” అన్నారు.

ఉత్తరంలోది నిజమేనని కళ్ళారా చూశాక రాసినాయన్ని ఏమీ అనలేక, ప్రెసిడెంటు గారు చాప తీయించేశారు. నా ఉద్యోగం నిలిచింది, మా అమ్మ మాట కూడా. పెద్ద గుమస్తా గారు రిటైరై వెళ్ళే రోజు తన రిలీవింగు ఉత్తరం నకలు స్వయంగా ఫైల్లో పెట్టి, తాడు ముడేసి, ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుని మరీ వెళ్ళారు.

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా టెంప్లేట్లన్నీ మారుస్తానంది. “ఈ చివరి లైను తీసేద్దామా సార్? ఎవరూ చదవరు కదా” అంది. నేను ఆ అమ్మాయినీ స్క్రీన్నీ మార్చి మార్చి చూశాను. “పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంటుందామ్మా?” అని అడిగాక గానీ తెలీలేదు, నా కళ్ళజోడు ముక్కు మీదికి ఎప్పుడు జారిందో.