తెంపని మొలతాడు

2012 చలికాలంలో కాశ్మీరు కొండల్లోని సైనికాసుపత్రిలో దిగాను. మోకాలి లోతు మంచు. రేకుల షెడ్డు, మంచాలు, వెచ్చదనానికి రెండు కిరోసిన్ పొయ్యిలు. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. సొంతూరు ఎల్లారెడ్డి. అక్కడ తెలుగు తెలిసింది నాకొక్కడికే.

మందులు, కట్లు సిస్టర్ చూసేది. కేరళ మనిషి, మాట తక్కువ. గాయపడ్డవాళ్లకు ధైర్యం చెప్పడం పండిత్‌జీ పని. పటాలం ధర్మగురువు ఆయన. మంచం మంచానికీ తిరిగి, ఎవరి దేవుడి పేరు వాళ్ల చెవిన వేసేవాడు. మడి మనిషి, మా గ్లాసులో నీళ్లు కూడా ముట్టడు. వెనక మేం నవ్వుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం స్ట్రెచర్ మీద ఒక డ్రైవర్ని తెచ్చారు. పేలుడులో ఇనుప ముక్క కడుపులో దిగింది. రేడియోలో అడిగితే ఒకటే జవాబు. "మంచు కురుస్తోంది. హెలికాప్టర్ రాదు. ఆపరేషన్ అక్కడే కానివ్వండి." సర్జన్ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

సిస్టర్ బట్టలు కత్తిరించింది. నడుముకు నల్ల మొలతాడు, నెత్తుటితో తడిసి ఉంది. కత్తెర దాని కిందికి పోగానే అతను రెండు చేతులతో తాడును పట్టేసుకున్నాడు.

"తెంపకుండ్రి! మా అవ్వ కట్టింది. తెంపితే సచ్చినట్టే!"

తెలుగు! ఒళ్లు జల్లుమంది. "ఏ ఊరు తమ్మీ?"

"కామారెడ్డి దగ్గర రాజంపేట. అన్నా, నువ్వన్న చెప్పు వీళ్లకు."

మా వైపు మగవాడి మొలతాడు తెంపేది పాడె మీదే. పాతదైతే కొత్తది కట్టుకున్నాకే తీస్తారు. హిందీలో గబగబా చెప్పాను. నా నడుముకూ ఒకటుంది మరి.

"మత్తిస్తే చేతులు వాటంతటవే వదిలేస్తాయి కదా," అన్నాను.

"ఇంత భయంలో నిద్రపుచ్చను," అంది సిస్టర్. కత్తెర ట్రేలో పడేసింది. "విప్పుదాం."

ముడి బిగుసుకుపోయి ఉంది. గ్లవ్స్ జారుతున్నాయి. నెత్తురు ఆగడం లేదు. అతని పెదవులు పాలిపోతున్నాయి. "ఇంకెంతసేపు?" అని సర్జన్ కేకేశాడు. ముడి కోసం మనిషిని పోగొట్టుకుంటున్నామని నాకనిపించింది. తలాపున నిలబడ్డ పండిత్‌జీ ముందుకొచ్చాడు. వంగి, ఆ ముడిని పళ్లతో పట్టుకున్నాడు.

వదిలింది. తాడు నడుము కింది నుంచి బయటికొచ్చింది. ఆ కాసేపు అతని ఒంటి మీద ఏ తాడూ లేదు. కళ్లు నా మీదే ఉన్నాయి.

"అన్నా, ఉన్ననా?"

"ఉన్నవ్ తమ్మీ. ఉన్నవ్."

సిస్టర్ దాన్ని అతని జబ్బకు కట్టింది. అప్పుడతను చేతులు వదులు చేసి, మత్తు సూదికి చెయ్యి చాపాడు. బతికాడు.

2014లో పటాలం నుంచి రిటైరై కామారెడ్డి స్టేషన్‌లో దిగాను. నేనొస్తున్నానని తెలిసి ఆ డ్రైవర్, మొలతాడు కట్టిన వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వీడు నాకు అబద్ధం చెప్తడు. నువ్వు నిజం చెప్పు బిడ్డా. తెంపిండ్రా?"

"లేదవ్వా. విప్పినం."

ఆమె ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చింది. నేను ఎల్లారెడ్డి బస్సెక్కాను.

ఇప్పటికీ స్నానం చేసేటప్పుడు ముందు నా చెయ్యి నడుముకే పోతుంది, ఉందా లేదా అని. అప్పుడు కళ్ల ముందు పండిత్‌జీ కనిపిస్తాడు. ఆపరేషన్ గది బయట మంచులో నిలబడి జపం చేస్తున్నాడు. ఆయన తెల్ల మీసాలకు ఆ కుర్రాడి నెత్తురు అంటుకుని ఉంది. తుడుచుకోలేదు.