పొగల పట్వారి

పొగ కనిపిస్తే చాలు, లెక్కగట్టందే పరశురాములుకు ముద్ద దిగదు. బొంబాయి రేవులో ఓడల పొగను అంచనా వేసే ఆఫీసులో చాలాకాలం నౌకరీ చేసి తంగళ్ళపల్లికి తిరిగొచ్చాడు. ఇక్కడ సముద్రం ఎక్కడిది? పాపం, ఉన్న పొగతోనే సర్దుకున్నాడు. ఊరు ఆయనకు పొగల పట్వారి అని పేరు పెట్టింది.

సిరిసిల్ల బస్సు ఆగితే చాలు, వెనక్కి వెళ్ళి నిలబడేవాడు.

"డ్రైవర్ సాబ్, ఇంజన్ బందువెట్టు! నడిచే ఓడకంటే రేవుల నిలవడ్డ ఓడనే ఊరికి ఎక్కువ పొగ తాపుతది."

"ఇది ఓడ గాదే, బస్సు!"

"నువ్వు నడిపే తీరుకు ఓడ లెక్కనే ఊగుతున్నది."

భార్య కళావతి పరువు మాత్రం పెళ్ళిళ్ళలో పోయేది. గాడిపొయ్యి పొగ చూసి, "ఊరంతటిని పిలిచి సగం మందికే వండుతున్నరు" అని పందిట్లోనే అనేసేవాడు. అది నిజమయ్యేది, అదే తంటా.

"జర అబద్ధం చెప్తే నోరు పడిపోతదా?" అని ఆమె మొత్తుకునేది.

"పొగ మీద అబద్ధమా? గది నాతోని గాదు."

గోడల మీద ఎర్రరాతలు ఎవరు రాశారో తెలియక, సాంచల మీద బట్ట నేసే పోరగాళ్ళనల్లా పోలీసులు పట్టుకుపోతున్న రోజులవి. ఒకనాడు ఆ పోరగాళ్ళు భయపడి గుట్టెక్కారు. కళావతి తమ్ముడు బాలకిషన్ కూడా వాళ్ళలో ఉన్నాడు. మధ్యాహ్నానికి గుట్ట మీద పొగ లేచింది. తెలివితక్కువ సన్నాసులు, ఆకలికి ఆగలేక అన్నం వండుకుంటున్నారు! ఎస్సై జీపు వచ్చి పరశురాములు వాకిట్లో ఆగింది.

"పొగ జూసి ఎందరికి వండుతున్నరో చెప్తవట గదా. గది ఎందరిది? గొర్లకాపరి ఒక్కడైతే ఇడిసిపెడ్త. మందైతే పోయి పట్టుకస్త."

కళావతి చేతిలో పని వదిలేసి గడపలోకి వచ్చింది. ఈ మహానుభావుడు ఇప్పుడు నిజం చెప్పేస్తాడు, తమ్ముడి ఎముకలు విరుగుతాయి.

పరశురాములు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "లెక్క కట్టాలె సారూ. ఇది నడిచే పొగనా, నిలవడ్డ పొగనా ముందుగాల తేలాలె."

"పొయ్యి నడుస్తదా?"

"ఓడ నడుస్తది గదా!"

ఇక అందుకున్నాడు. ఓడ బరువెంత, ఇంజనెంత, ఏ నూనె తాగింది, గాలి ఎటు తోలింది. ఓడ అయ్యాక కట్టెల మీదికి వచ్చాడు. తుమ్మనా, మోదుగనా, పచ్చిదా, ఎండుదా? ఎస్సై టోపీ తీశాడు. మంచినీళ్ళడిగాడు. కాసేపటికి మంచమడిగాడు. ఆయన కునుకు తీసి లేచేసరికి పొద్దు వాలింది. పోరగాళ్ళు తిని, అవతలి వైపు దిగి, మానేరు వాగు దాటేశారు.

"ఆఖరుకు ఎందరయ్యా?"

"ఇప్పుడు పొగనే లేదు గద సారూ. లేని పొగకు లెక్క ఎట్ల కడ్త?"

ఎస్సై దండం పెట్టి జీపెక్కాడు. ఆ జీపు ఇంత నల్లపొగ ఊదుతూ పోతే పరశురాములు తలెత్తి కూడా చూడలేదు.

కళావతికి ప్రాణం లేచి వచ్చింది. "పెళ్ళిళ్ళల్ల రెప్పపాటుల చెప్తవు. ఇయ్యాల గింతసేపేందయ్యా?"

"చూడంగనే తెల్సిందే," అన్నాడు పరశురాములు చెప్పులు విడుస్తూ. "ఎనిమిది మంది. అన్నం గుడ మాడవెట్టిండ్రు. నీ తమ్మునికి జర వంట నేర్పు."