గోపాలప్ప కన్ను మీద మా అక్క రాసిన పేపరు

మా అక్క అనసూయ దృష్టి శాస్త్రవేత్త. ఈ సంగతి బెంగళూరు బళేపేటలో ఎవరికి చెప్పినా "ఓ, కండ్ల డాక్టరమ్మా! నా కన్ను కొంచెం చూడమనప్పా" అనేవాళ్ళు. కాదండీ, ఆమె కంట్లో మందు వెయ్యదు, కన్ను రంగును ఎలా పోల్చుకుంటుందో కనిపెడుతుంది అని వివరిస్తే, "రంగును చూసేదానికి కూడా చదువుకోవల్నా?" అని జాలిగా నా వైపు చూసేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం ఉండేది.

మాది గాజుల దుకాణం. ఇంట్లో తెలుగు, బేరానికి కన్నడం, ఫిరోజాబాదు నుంచి సరుకు పంపేవాళ్ళతో ఏదో ఒక జాతి హిందీ. దుకాణానికి అసలు పెట్టుబడి మా నాయన గోపాలప్ప కన్ను. ఎవరైనా చీర తెచ్చి జత గాజులు అడిగితే ఆయన ట్యూబ్‌లైటు కింద చూసేవాడు కాదు. గడప దాకా వచ్చి, పీట మీద కూర్చుని, చీర కొంగునూ గాజునూ పక్కపక్కన ఎండకు పట్టి "ఇది" అనేవాడు. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా మాట మారదు. నేను ఆయన ఒక్కగానొక్క కొడుకుని, పేరు వినయ్. నేను తీసిన గాజు ఏదీ ఆయనకు నచ్చేది కాదు. "గుడ్డి నా కొడకా" అన్నది నాకు రెండో పేరు.

విడి బేరంలో కొనేవాళ్ళకూ కళ్ళుంటాయి, తేడా వస్తే అక్కడికక్కడే మార్చుకుంటారు. మా నాయన పేరంతా పెళ్ళిళ్ళ, సీమంతాల ఆర్డర్ల మీద నిలబడింది. ఇంటివాళ్ళు ఒక గుడ్డముక్క ఇచ్చి వెళ్ళిపోతారు. ఆయన అరల్లోంచి కాగితం చుట్టిన గాజుల గుత్తులను, చుట్ట చివరి సందులోంచి రంగు చూసి తీసి, వెనక గదికి పంపుతాడు. అక్కడ బాలమ్మ వాటిని విప్పి, డజను డజనుకూ దారం కట్టి, డబ్బాల్లో సర్దుతుంది.

బాలమ్మ మడకశిర వైపు మనిషి. మొగుడితో పాటు కట్టడం పనికి బెంగళూరు వచ్చి, నడుము పట్టేసి సిమెంటు మోయలేక, ఎనభై తొమ్మిదిలో మా దుకాణంలో చేరింది. మాట తక్కువ. ఆమె గురించి మాకు తెలిసింది అంతే. తెలుసుకోవాలని మేం అనుకున్నదీ అంతే.

తొంభై నాలుగులో అక్క తన పరిశోధన కోసం విదేశం నుంచి రంగు బిళ్ళల పెట్టె ఒకటి తెప్పించుకుంది. అది ఓడరేవులో కాగితాల మధ్య ఎక్కడో ఇరుక్కుపోయింది. ఆరు నెలలు ఎదురుచూసి, ఒకరోజు విసురుగా దుకాణానికొచ్చి అరలన్నీ కెలికి నలభై గాజులు ఏరుకుంది. ఆకుపచ్చతో మొదలై, నెమలికంఠం మీదుగా నీలంలోకీ, అక్కడి నుంచి ఊదాలోకీ ఒక్కో మెట్టు చొప్పున మారే నలభై గాజులు.

"చదివి చదివి మళ్ళా గాజులకే వస్తివా పాపా!" అన్నాడు మా నాయన, లోపల సంతోషంగానే.

ఆ నలభైనీ కలిపేసి, రంగుల వరసలో పేర్చమనడమే పరీక్ష. అక్క పేటలో ఎవరినీ వదల్లేదు. ఇత్తడి సామాన్ల ముసలాయన పేర్చాడు, జరీ వ్యాపారి పేర్చాడు, గుడి పూజారి మంత్రం చదివి మరీ పేర్చాడు. అరవై దాటిన వాళ్ళలో చాలామంది నీలాన్ని తెచ్చి ఆకుపచ్చలో కలిపారు. వయసు మీద పడేకొద్దీ కంట్లోని కటకం పసుపు రంగుకు తిరుగుతుందట. ఆ పసుపులోంచి చూస్తే నీలం కూడా ఆకుపచ్చగానే అనిపిస్తుందట.

పేట మొత్తంలోకి అందరికన్నా అధ్వానంగా పేర్చింది మా నాయన. అక్క ఆ ముక్క నాకొక్కడికే చెప్పింది. నేను ఆ రోజంతా గోదాములోకి పోయి పోయి నవ్వి వచ్చాను.

అక్క మాత్రం నవ్వలేదు. కన్ను ఇంత చెడిపోయినా డబ్బాలు తప్పు లేకుండా ఎలా వెళ్తున్నాయి? ఈ ప్రశ్న ఆమెను పట్టుకుంది. తొంభై ఏడులో నోటుబుక్కు పట్టుకుని దుకాణంలో మా నాయన ఎదురుగా కూర్చుంది. ఏడాదిలో వంద ఆర్డర్లు. ఆయన గుత్తులు ఎలా తీస్తాడో, ఎంతసేపు చూస్తాడో, తల ఎటు వంచుతాడో అన్నీ రాసుకునేది. బేరం మధ్యలో కాగితాలు విప్పితే ఆయన ఒప్పుకోడు కాబట్టి, సర్దడం అయ్యాక డబ్బాను మిద్దె మీదికి తీసుకెళ్ళి, రంగు కొలిచే యంత్రంతో చూసి, తారీఖు వేసి రాసేది. వందలో తొంభై ఏడు డబ్బాలు సరిగ్గా ఉన్నాయి. మిగతా మూడింటినీ తనే సరిచేసి పంపింది.

అక్క తేల్చింది ఇది: నలభై ఏళ్ళు రంగులతో బతికిన మనిషి మెదడు, కన్ను చేసే తప్పును తనే దిద్దుకుంటుంది. ఆ పేపరు తొంభై ఎనిమిదిలో అచ్చయింది. ఇక చూడండి సంబరం! సభలు, సన్మానాలు, విమానాలు. ఈ రంగంలో కొత్త దారి వేసిన మనిషి అని అక్కను పొగిడారు. ఒక కన్నడ పత్రికవాళ్ళు వచ్చి మా నాయన గాజును ఎండకు పట్టుకున్న ఫోటో వేశారు. ఆయన దానికి పటం కట్టించి లక్ష్మీదేవి పక్కన తగిలించాడు. శుక్రవారం శుక్రవారం రెండింటికీ పూలదండలు.

తర్వాత కళ్ళలో శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెబితే ఆయన ఆ పటం వైపు చెయ్యి చూపించాడు. "నాకు కంటితో పనేముండాది? నా మెదడే చూస్తా ఉండాది. మా పాప రాసింది చదువుకోండి."

రెండు వేల మూడులో పక్క వీధి బట్టల వ్యాపారి వెంకటరాయప్ప కోడలికి సీమంతం వచ్చింది. సీమంతానికి పచ్చగాజులే వెయ్యాలి, వచ్చిన ముత్తైదువలకూ అవే పంచాలి. పాతిక డజన్ల ఆర్డరు. బాలమ్మ వాళ్ళ అన్న గృహప్రవేశమని అంతకు ముందురోజే ఊరికి పోయింది. సర్దే పని నాకు పడింది. విప్పి దారాలు కట్టే ఓపిక నాకెక్కడిది? నాయన పంపిన గుత్తుల్ని కాగితం చుట్టలతో సహా డబ్బాలో కుక్కి పంపించేశాను.

మర్నాడు పేరంటం మధ్యలో డబ్బా విప్పితే ఎనిమిది డజన్లు నీలం. కడుపుతో ఉన్న పిల్ల చేతులు చాపుకుని కూర్చుని ఉంది, పెద్దవాళ్ళు అపశకునమని గోల పెట్టారు. గంట సేపట్లో వెంకటరాయప్ప నలుగురిని వెంటేసుకుని డబ్బాతో సహా దుకాణానికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే బాలమ్మ ఊరి నుంచి చేతిసంచీతో దిగింది.

మా నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అరల్లో నీలమూ పచ్చా కలిపి పెట్టింది ఈ గుడ్డిదే! కండ్లు యాడ పెట్టుకోని సర్దినావే? రేపట్నించి నా గడప తొక్కొద్దు."

బాలమ్మ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. చేతిసంచీలోంచి దారం తెంపే కత్తెర తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. చుట్టలు విప్పకుండా కుక్కింది నేనని నాకు తెలుసు. నోరు మెదపలేదు. ఈ కథలో నా ఘనకార్యం అదే.

ఆదివారం అక్క ఇంటికొచ్చినప్పుడు ఈ గొడవంతా చెప్పాను. ఆమె వింటూ వింటూ మధ్యలో ఆపింది. "ఆ పొద్దు బాలక్క లేదంటివి కదా?"

"లేదు. నేనే సర్దినా."

అక్క లేచి బీరువాలోంచి పాత నోటుబుక్కు తీసింది. ఆ ఏడాది తప్పు వచ్చిన డబ్బాలు మూడు. మొదటిది ఉగాది మర్నాడు. మిగతా రెండూ శ్రావణంలో వరసగా రెండు రోజులు. ఆ తారీఖులు విన్నాక నాకు గుర్తుకు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. బాలమ్మ ఉగాదికి ఊరెళ్ళింది, శ్రావణంలో కూతురికి జ్వరమని రెండు రోజులు రాలేదు. సర్దే పని నెత్తిన పడిందని నేను ఏడ్చుకున్న రోజులు అవే.

"మూడూ నేను సర్దినవే" అన్నాను.

అక్క నోటుబుక్కు మూసి, బాలమ్మ ఇల్లెక్కడో అడిగి, చెప్పులు వేసుకుంది.

బాలమ్మ మాగడి రోడ్డు వైపు ఒక వఠారంలో ఉండేది. మేమిద్దరం వెళ్ళేసరికి ఊదుబత్తులు చుడుతోంది. అక్క కిందే కూర్చుని, "బాలక్కా, నాయన పంపే గుత్తుల్లో నువ్వు మారుస్తా ఉంటివా?" అని అడిగింది.

"మార్చక? విప్పితే పచ్చలో నీలం ఉంటుండె. తీసి, అరలోంచి సరైంది తెచ్చి కడుతుంటి. పెండ్లోళ్ళ ముందర అప్ప మర్యాద పోతాది కదమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిది పదేండ్లు ఉంటాది."

"నాకు ఒక్క మాట చెప్పకపోతివే!"

బాలమ్మ చేతిలోని ఊదుబత్తి పక్కన పెట్టింది. "నువ్వు అడిగితివా? ఏడాదంతా పుస్తకం పట్టుకోని ఆడే కూసున్యావు. అప్ప తల గోక్కున్యా రాసుకుంటివి. నా గది వాకిలి తెరిచే ఉండె. ఒక తూరన్నా ఇట్ల తిరిగి చూడకపోతివి."

చూపు గురించి సగం ప్రపంచానికి పాఠాలు చెప్పి వచ్చింది మా అక్క. నాకు అక్క మీద జాలి వెయ్యలేదు, సిగ్గేసింది. ఆ సిగ్గులో సగం వాటా నాది.

నేను నా తప్పు ఒప్పుకుని, మళ్ళీ పనిలోకి రమ్మన్నాను. బాలమ్మ తల అడ్డంగా ఊపింది. "రంగు తెలీని గుడ్డిదని పేటంతా అనుకుంటా ఉండారు. రెండు దుకాణాల్లో అడిగితే వద్దనిరి. అప్ప నలుగురి ముందర అన్న మాట నలుగురి ముందరే ఎనక్కి తీసుకోవల్ల. అంతవరకు రాను."

అక్క నేరుగా మా నాయన దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పింది. ఆయన నమ్మలేదు. అక్క పది గుత్తులు విప్పి ముందు పెట్టి పచ్చవి ఏరమంది. ఆయన గడప దగ్గర కూర్చుని ధీమాగా ఆరు ఏరాడు. అందులో నాలుగు నీలం అని నేను చెబితే, "వాడొక గుడ్డోడు" అన్నాడు. ఆ దారిన పోతున్న నలుగురిని ఆపి అడిగాను. నలుగురూ నీలమే అన్నారు.

"మరి నువ్వు రాసిన పేపరు?" అన్నాడు చివరికి.

"తప్పు నాయనా. తప్పని మళ్ళా రాస్తా."

"రాస్తే నీ మర్యాద ఏమి కావల్ల? నా మర్యాద?"

"ఆ పేపరు నమ్మి నువ్వు కండ్లు పోగొట్టుకుంటా ఉండావు. బాలక్క కూడు పోయింది. ఇంక దేనికి ఆ మర్యాద?"

ఆయన మూడో రోజు ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. కట్టు విప్పాక దుకాణానికి వచ్చి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను తెరిచి, అరలన్నీ పసిపిల్లాడిలా చూశాడు. పటం ఆయనే దించేశాడు. అయితే బాలమ్మతో మాట్లాడమంటే మాత్రం, "రమ్మని చెప్పు, జీతం పెంచుతా" అంటాడే తప్ప ఆ ఒక్క మాట నోట్లోంచి రాదు. కబురు పంపిన ప్రతిసారీ బాలమ్మ రానంది.

అక్క రాసిన దిద్దుబాటు రెండు వేల నాలుగులో అచ్చయింది. ఎవరూ అడక్కుండా తన తప్పు తనే అచ్చు వేయించుకుంది. సభల పిలుపులు తగ్గిపోయాయి, విమానాలు ఆగాయి. ఆమె తర్వాత కనిపెట్టినవి చాలా ఉన్నాయి కానీ, నేను ఆమెను శాస్త్రవేత్త అని మనసులో ఒప్పుకున్నది ఆ అరపేజీ చూశాకే.

ఆ అరపేజీని తెలుగులో రాసుకుని ఒకరోజు పొద్దున దుకాణానికి వచ్చింది. వెంకటరాయప్పను పిలిపించింది, పక్క దుకాణాలవాళ్ళను పిలిచింది. బాలమ్మను తనే వెళ్ళి వెంటబెట్టుకొచ్చింది. బాలమ్మ గడప బయటే నిలబడింది. అక్క కాగితాన్ని నాయన చేతిలో పెట్టి, "నువ్వే చదువు నాయనా" అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. కాగితంలో "రంగులు సరిగ్గా పోల్చింది దుకాణదారు కాదు" అని ఉంది. ఆయన, "రంగులు సరిగ్గా పోల్చింది నేను కాదు" అని చదివాడు. "నా తప్పులను ఏండ్ల తరబడి దిద్దింది బాలమ్మ. ఆమె చేతులను మేము గమనించలేదు."

అక్కడితో అయిపోవాలి. ఆయన తల ఎత్తలేదు, కాగితం వైపే చూస్తూ ఇంకో వాక్యం చదివాడు. "ఆమెను నలుగురి ముందర గుడ్డిదని అంటిని. గుడ్డోణ్ణి నేను."

నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. కాగితంలో అక్కడ ఏమీ రాసి లేదు.