తరుగు తీసిన సూట్‌కేసు

ఉల్లిపాయల వ్యాపారి పాండురంగారావు అండమాన్ ప్రయాణానికి సామాను సర్దుకుంటున్నాడని తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు మొత్తానికీ తెలిసిపోయింది. తెలియకేం చేస్తుంది, చాటింపు వేసింది ఆయనే. కొట్టుకొచ్చిన ప్రతి రైతునీ, లారీ డ్రైవర్నీ ఆపి, "ఇరవై రోజులండీ! ట్రాపికల్ అండీ! ఆషామాషీ వ్యవహారం కాదు" అని చెప్పుకున్నాడు.

ట్రాపికల్ అన్న మాట ఆయన యూట్యూబులో నేర్చుకున్నాడు. ఎవరో చలిదేశపు కుర్రాడు, అండమాన్ ఎండా, ఉక్కా, దోమలూ మీ ఊహకి కూడా అందవని బెదిరిస్తుంటే, పాండురంగారావు చొక్కా విప్పేసి, తువ్వాలుతో మెడ మీద చెమట తుడుచుకుంటూ, పిక్క మీద వాలిన దోమని చరుస్తూ, అమ్మో అనుకుంటూ విన్నాడు. మర్నాడే ఏలూరు వెళ్ళి తడిసినా ఇట్టే ఆరిపోయే చొక్కాలు, జలగలు పట్టని మేజోళ్ళు, నుదుటికి కట్టుకునే లైటు, మొహమంతా కప్పే దోమతెర టోపీ కొనుక్కొచ్చాడు. అవి చాలవని ఆకివీడు మనిషి చేత మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తెప్పించాడు. అవి చేపల చెరువుల్లోకి దిగేవాళ్ళు తొడుక్కునేవి.

"ఏవండీ, ఈ టోపీ ఎందుకండీ?" అంది ఆయన భార్య రత్నమాణిక్యం.

"దోమలకి."

"నేను మండవల్లిలో, కొల్లేటి ఒడ్డున పుట్టినదాన్నండీ. మా దోమల్ని చూసినవాళ్ళని అండమాన్ దోమలేం చేస్తాయండీ?"

"నీకు తెలీదు మాణిక్యం. అవి ట్రాపికల్ దోమలు."

అనేశాక ఆయనకే నవ్వొచ్చింది. అయినా టోపీ పెట్టెలోకే వెళ్ళింది.

ఇంత హడావిడికీ ఓ కారణం ఉంది. పాండురంగారావు కొట్టు వదిలి ఎప్పుడూ ఎక్కడా నిలిచిన మనిషి కాదు. కాశీ అని బయల్దేరి, ఉల్లి ధర లేచిందన్న ఫోను రాగానే విజయవాడలో రైలు దిగిపోయాడు. అరకు వెళ్ళిన మర్నాడే తిరుగుదారి పట్టాడు. తన యాత్రలన్నీ విజయవాడ దాకానేనని యార్డులో మొదట వెటకారమాడింది కూడా ఆయనే. ఇంకెవరో అనేముందు మనమే అనేసుకుంటే పరువు కొంత మిగులుతుందని ఆయన లెక్క. ఈసారి కూతురు భార్గవి టికెట్లు తీసి చేతిలో పెట్టి, "కొట్టు నేను చూసుకుంటాను నాన్నగారూ. అమ్మని ఇరవై రోజులూ తిప్పి మరీ తీసుకురండి" అంది. పాండురంగారావు సరేనన్నాడు. ధర పెరుగుతుందనీ పడిపోతుందనీ కాదు ఆయన భయం. తను లేకపోయినా కొట్టు నడిచిపోతుందేమోనని.

అందుకే గిడ్డంగి తాళాలు దేవుడి గూట్లో పెడతానని భార్గవితో చెప్పి, ఆ ఇనప గుత్తిని పెట్టెలో సర్దిన ఎడమ రబ్బరు బూటులోకి జారవిడిచాడు. సరుకు తీయాల్సి వచ్చిననాడు అమ్మాయి ఫోను చేస్తుంది. అయ్యో, తాళాలు నా దగ్గరే ఉండిపోయాయి, వచ్చేస్తున్నానమ్మా అనొచ్చు. దొంగకి కూడా ఇంత ముందుచూపు ఉండదని తనని తానే మెచ్చుకున్నాడు.

రత్నమాణిక్యం సామాను మాత్రం చిన్న చేతిసంచీ. "పాపం, ప్రయాణాల సంగతి దీనికేం తెలుసు" అని జాలిపడ్డాడు కాశీ చూడని యాత్రికుడు.

విమానంలో పదిహేను కిలోలే రానిస్తారని భార్గవి చెప్పింది కదా అని సూట్‌కేసు కొట్టుకి మోయించి కాటా మీద పెట్టించాడు. ముల్లు వంక చూసి, "పదిహేను. సరిగ్గా సరిపోయింది" అని గట్టిగా ప్రకటించాడు.

గన్నవరం విమానాశ్రయంలో కౌంటరు వెనకున్న అమ్మాయి, "పదిహేడున్నర ఉందండీ" అంది.

"ఉండదమ్మా. మీరు తరుగు తీసినట్టు లేరు."

"తరుగంటే ఏంటండీ?"

"అదేనమ్మా, గోనెసంచి బరువూ, కుళ్ళూ, తేమా..." అంటూనే పాండురంగారావు ఆగిపోయాడు. యార్డులో ఉల్లి బస్తా తూచి, సంచికింత, కుళ్ళుకింత అని తరుగు తీసి చెప్పడం ఎంత అలవాటైపోయిందంటే, కాటా చూపించిన అంకెని ఉన్నదున్నట్టు పలకడం ఆయన నాలుక ఏనాడో మానేసింది. రైతులని కోసీ కోసీ చివరికి తన పెట్టెనీ కోసుకున్నాడు.

"అలాంటివి మా దగ్గర ఉండవండీ. కాటా ఎంత చూపిస్తే అంతే" అంది ఆ అమ్మాయి. అచ్చం రైతులు ఆయన్ని బతిమాలే మాట. వాళ్ళంతా వెనక వరసలో నిలబడి చూస్తున్నట్టనిపించి ఆయన చెవులు వేడెక్కాయి.

"మేడమ్ గారి సంచీలోకి కొన్ని మార్చుకోండి" అని ఆ అమ్మాయే దారి చూపించింది. పాండురంగారావు సంచీ జిప్పు తీశాడు. లోపల రెండు చీరలు, ఓ తువ్వాలు, దువ్వెన. అంతే.

"ఇదేంటి మాణిక్యం? ఇరవై రోజులకీ రెండు చీరలా?"

"రెండు రోజులకే సర్దానండీ" అంది రత్నమాణిక్యం. ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరమూ లేదు. "అంతకన్నా ఉంటామని నేననుకోలేదు."

ఇన్నేళ్ళూ పాండురంగారావు యాత్రల మీద యార్డంతా నవ్వింది, ఆయనా నవ్వాడు. ఈవిడ మాత్రం నవ్వకుండా ప్రతిసారీ సంచీ సర్దుకుని బయల్దేరింది. నోరెత్తకుండా తనూ తరుగు తీసుకుంటూ వచ్చింది, ఆయన మాటలోంచి. ఆయనకి సిగ్గు ముంచుకొచ్చింది.

అక్కడే నేల మీద కూర్చుని సూట్‌కేసు తెరిచాడు. బూట్లు పైకి లాగి, ఎడమదాన్ని బోర్లించాడు. తాళాల గుత్తి గలగలమంటూ పడింది. రత్నమాణిక్యం గుత్తిని చూసింది, ఆయన్ని చూసింది.

ఆయన తమని దింపిన డ్రైవరుకి ఫోను చేశాడు. "వీర్రాజూ, ఇంకా వెళ్ళిపోలేదు కదా? గేటు దగ్గరికి రా. తాళాలిస్తాను, ఇవాళే భార్గవమ్మ చేతికి ఇవ్వాలి. బూట్లు నువ్వు ఉంచేసుకో. ఇదిగో, టోపీ కూడా."

తిరిగొచ్చి పెట్టె మళ్ళీ కాటా మీద పెట్టాడు. "ఎంతుంటే అంత చెప్పమ్మా" అన్నాడు.

"సరిపోయిందండీ" అంది ఆ అమ్మాయి.

పెట్టె లోపలికి కదిలిపోతుంటే రత్నమాణిక్యం చేతిసంచీ జిప్పు మూసి, ఆయన పక్కకి జరిగి అడిగింది:

"ఏవండీ, అక్కడ చీరలు దొరుకుతాయంటారా?"